నారికురుపు: అమ్మమ్మ కాలి మచ్చ, బన్సీలాల్‌పేట మెట్లబావి

మీ అమ్మమ్మగారి చీలమండ దగ్గర రూపాయి బిళ్ళంత మచ్చ ఉందనీ, అది చిన్నప్పుడు నారికురుపు లేచిన చోటని ఆమె చెబుతారనీ రాశారు. అందులోంచి తెల్లటి నరం లాంటిదాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగారట. పోయిన ఆదివారం మీరు పిల్లలను సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి చూపించడానికి తీసుకెళ్ళారు. ఆ సంగతి విన్న పక్కింటి పెద్దాయన "ఆ పురుగు బావి అడుగు బురదలో నిద్రపోతుంది, పాత బావులు తవ్వితే మళ్ళీ లేస్తుంది" అన్నారు. అది నరమా పురుగా, బురదలో బతికి ఉంటుందా, మళ్ళీ వస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

అది పురుగే. బురదలో బతకదు. ఆ బావి మెట్లు దిగినందుకు మీ పిల్లలకు ఏమీ కాదు, ఈ రాత్రి నిశ్చింతగా పడుకోండి. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానో తెలియాలంటే ఆ పురుగు బతుకు మొత్తం ఒకసారి చూడాలి. నేను హైదరాబాదులో వైద్య విద్యార్థులకు పరాన్నజీవుల పాఠం ముప్పై ఏళ్ళు చెప్పాను. అంతకు ముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980లలో, రాయలసీమ మెట్ట ఊళ్ళలో నారికురుపు రోగుల లెక్క రాసే బృందంతో తిరిగాను. అప్పుడు చూసినవి ఇప్పటికీ నిన్న చూసినట్టే ఉన్నాయి.

నరం అనుకోవడంలో మీ అమ్మమ్మగారి పొరపాటేమీ లేదు. పూర్వపు వైద్యులు కూడా శతాబ్దాల పాటు ఇదే సందేహంలో ఉన్నారు. యునానీ వైద్యంలో దీన్ని ఇర్క్ మదనీ అన్నారు, అంటే మదీనా నరం. వెయ్యేళ్ళ కిందటి పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా దీన్ని వర్ణించాడు. ఆయుర్వేదంలో దీనికి స్నాయుక రోగమని పేరు, స్నాయువు అన్నా సన్నని తాడులాంటి నరమే. హిందీలో నారూ అంటారు. మన తెలుగు పేరు వింటే నాకు ఎప్పుడూ వింటినారే గుర్తొస్తుంది. చర్మం కింద బిగుతుగా, పొడుగ్గా చేతికి తగిలే ఆ వస్తువుకు అంతకన్నా సరైన పోలిక లేదు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని జంతువుల పట్టికలో చేర్చి, మదీనా పేరునే దానికి తగిలించాడు. ఇప్పటి శాస్త్రనామం డ్రాకన్‌క్యులస్ మెడినెన్సిస్, మొదటి మాటకు చిన్న సర్పం అని అర్థం. గుండ్రటి పురుగుల వర్గంలోది. పిల్లల కడుపులో ఉండే ఏలికపాము, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దీనికి చుట్టాలే.

ఆడపురుగు పొడవు 70 నుంచి 100 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. లావు మాత్రం రెండు మిల్లీమీటర్లు దాటదు. ఉడికిన సేమియా పోగు ఒకటి మీటరు పొడవున ఉందనుకోండి, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. మగపురుగు నాలుగు సెంటీమీటర్లకు మించదు, దాన్ని చూసినవాళ్ళు చాలా అరుదు.

ఇప్పుడు అప్పట్లో నేను చూసిన ఒక ఊరి సంగతి చెబుతాను. ఎండాకాలం ఉదయం. నలభై ఏళ్ళ రైతు ఒకాయన అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. రెండు రోజుల క్రితం మడమకు పైన బొబ్బ లేచిందట, అంతకు ముందు రాత్రి ఒళ్ళంతా దద్దుర్లు, వాంతి. "నిప్పు పెట్టినట్టు ఉందయ్యా, బావిలో కాలు పెడితే తప్ప చల్లారదు" అన్నాడు. బొబ్బ అప్పటికే చితికి, చిన్న పుండు అయింది. మధ్యలో తెల్లటి కొస ఒకటి, సూదిమొన అంత, కనబడీ కనబడనట్టు. మాతో వచ్చిన ఆరోగ్య కార్యకర్త చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చి పుండు మీద సన్నని ధారగా పోసింది. కొద్ది క్షణాల్లో ఆ కొస దగ్గర పాలలాంటి ద్రవం ఉబికింది. దాన్నొక చుక్క గాజుపలక మీదికి తీసుకుని మేము మోసుకెళ్ళిన సూక్ష్మదర్శిని కింద పెట్టాను. చుక్క నిండా పురుగు పిల్లలు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు పైన ఉంటుంది, తోక సూదిలా సాగి ఉంటుంది. చుట్ట చుట్టుకుని, స్ప్రింగులా విడిపోయి, మళ్ళీ చుట్టుకుని, ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి. ఆ రైతును కూడా కుంటుకుంటూ వచ్చి చూడమన్నాను. చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇవన్నీ నా కాల్లోవేనా అయ్యా? నిన్న కూడా బావిలో కాలు పెట్టానే" అన్నాడు. తాగే నీళ్ళు కూడా ఆ బావివే.

ఈ పురుగు బతుకంతా ఆ ఒక్క మాటలో ఉంది. అది గుడ్లు పెట్టదు. దాని శరీరం నిండా గర్భసంచే. పెరిగే కొద్దీ దాని పేగు కూడా ఆ సంచి కింద నలిగి మూసుకుపోతుంది, పిల్లలు బయటికి రావలసిన సహజ ద్వారం కూడా పూడుకుపోతుంది. 30 లక్షల దాకా పిల్లలు ఆ సంచిలో ఉండవచ్చు. వాటిని నీళ్ళలోకి చేర్చడానికి అది మనిషి కాలిని వాడుకుంటుంది. చర్మం కిందికి వచ్చి, మంట పుట్టించే పదార్థాలు వదిలి, బొబ్బ లేపుతుంది. నూటికి ఎనభై, తొంభై మందిలో ఇది మోకాలి కిందనే. మంట తట్టుకోలేక మనిషి నీళ్ళలో కాలు పెడతాడు. చల్లటి నీళ్ళు తగలగానే పురుగు తల దగ్గర గోడ చిట్లి, గర్భసంచి ముందుకు తోసుకొచ్చి, పిల్లలను కుమ్మరిస్తుంది. ఒక్కసారితో అయిపోదు, కాలు నీళ్ళలో పెట్టిన ప్రతిసారీ మరికొన్ని వదులుతుంది. రోజుల తరబడి ఇదే తంతు.

నీళ్ళలో పడ్డ పిల్లకు గడువు చాలా తక్కువ, సుమారు మూడు రోజులు. ఆలోగా సైక్లాప్స్ అనే నలుసంత జీవి దాన్ని మింగాలి. సైక్లాప్స్ రొయ్యలకు దూరపు చుట్టం, పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు, బేరిపండు ఆకారం, తల మధ్యలో ఒకే కన్ను. గ్రీకుల కథల్లో ఒంటికన్ను రాక్షసుడి పేరే దీనికి పెట్టారు. నీళ్ళలో కొట్టుకుంటున్న పురుగుపిల్లను ఆహారమనుకుని ఇది పట్టుకుంటుంది. పిల్ల దాని పేగును చీల్చుకుని ఒంటి లోపలి ఖాళీలోకి చేరి, రెండుసార్లు కుబుసం విడిచి, రెండు వారాల్లో మనిషికి సోకే దశకు వస్తుంది. రష్యా శాస్త్రవేత్త అలెక్సీ ఫెద్‌చెంకో 1870 ప్రాంతంలో మధ్య ఆసియాలోని తుర్కెస్తాన్‌లో దీన్ని గమనించాడు. మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూడడానికి పాతికేళ్ళకు పైగా ముందు మాట ఇది. రాస్‌ను తలచుకునే ఊళ్ళో ఫెద్‌చెంకో పేరు ఎవరికీ తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

పురుగుపిల్లను మోస్తున్న సైక్లాప్స్ చురుకుదనం తగ్గి అడుగుకు దిగిపోతుంది. బావి నిండుగా ఉన్నప్పుడు పై నీళ్ళు ముంచుకుంటే అది కడవలోకి రాకపోవచ్చు. ఎండాకాలం నీళ్ళు అడుగంటి, ఆడవాళ్ళు చివరి మెట్టు దాకా దిగి గిన్నెతో తోడుకునేటప్పుడు, ఆ అడుగు నీళ్ళే బిందెలోకి వస్తాయి. తాగితే మన జఠర ఆమ్లానికి సైక్లాప్స్ చచ్చిపోతుంది, లోపలి పిల్ల చావదు. బ్రిటిష్ శాస్త్రవేత్త రాబర్ట్ లైపర్ 1900ల తొలి సంవత్సరాల్లో నిరూపించింది ఇదే. ఆ పిల్ల పేగు గోడను తొలుచుకుని పొట్ట లోపలికి చేరి, అక్కడ పెరుగుతుంది. సుమారు మూడు నెలలకు ఆడా మగా కలుస్తాయి, మగది అక్కడే చచ్చి కరిగిపోతుంది. ఆడది కండరాల మధ్య నుంచి, చర్మం కింది నుంచి మెల్లగా కాళ్ళ వైపు ప్రయాణిస్తుంది. మీటరు పొడవు జంతువు ఒంట్లో తిరుగుతున్నా ఆ నెలలన్నీ మనిషికి ఏ బాధా తెలియదు. మన రక్షణ వ్యవస్థ కళ్ళు కప్పడంలో అది అంత నేర్పరి. బయటపడడానికి ఏడాది పడుతుంది, అటూ ఇటూగా పది నుంచి పద్నాలుగు నెలలు.

ఆ ఏడాది లెక్కను నేను ఎన్నిసార్లు చెప్పినా నాకు ఆశ్చర్యం తగ్గలేదు. పోయిన ఎండాకాలం అడుగు నీళ్ళు తాగినవాడి కాలిలోంచి ఈ ఎండాకాలం పురుగు లేస్తుంది, సరిగ్గా బావి మళ్ళీ అడుగంటే వేళకు. మన మెట్ట ప్రాంతాల దిగుడు బావుల లయకు ఆ పురుగు బతుకు లయ అతికినట్టు సరిపోయింది. ఆఫ్రికాలో ఎండిన సహేల్ ప్రాంతాల్లో వానాకాలపు కుంటలు నిండేటప్పుడు ఈ రోగం ఎక్కువ, ఎందుకంటే అక్కడ జనం కుంట నీళ్ళు తాగేది అప్పుడే.

పుల్లకు చుట్టడం గురించి కూడా రాశారు కదా. అది మూఢాచారమేమీ కాదు, ఈ రోజుకీ అసలు వైద్యం అదే. క్రీస్తుపూర్వం 1550 నాటిదని చెప్పే ఈజిప్టు పపైరస్ పత్రంలో కూడా పుల్లకు చుట్టే పద్ధతి ఉందని పండితులు చదివారు. పురుగును చంపే మందు లేదు, టీకా లేదు. ఒకసారి వచ్చినవాడికి మళ్ళీ రాదన్న భరోసా కూడా లేదు, ఏటా వచ్చినవాళ్ళు ఉన్నారు, ఒకే మనిషికి ఒకేసారి నాలుగైదు లేచిన సందర్భాలూ ఉన్నాయి. పుండును శుభ్రం చేసి, తడి గుడ్డ వేసి, బయటికి వచ్చిన కొసను చిన్న పుల్లకో గాజుగుడ్డ చుట్టకో చుడతారు. బిగువు తగలగానే ఆపేస్తారు. రోజుకు కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. వారాలు పడుతుంది. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే దానిలోని ద్రవం, పిల్లలు మన కండలోకి కారి, కాలు వాచి, చీము పట్టి, కీలు బిగుసుకుపోతుంది. నేను చూసిన ఊళ్ళో ఒకామె మోకాలు అలాగే వంగి ఉండిపోయింది, ఆమె మళ్ళీ నిలబడి నాటు వేయలేకపోయింది. ఈ రోగం మనిషిని చంపడం అరుదు, కానీ పంట పనుల సమయంలో వారాల తరబడి మంచాన పడేస్తుంది. మీ అమ్మమ్మగారి కాలిలోంచి దాన్ని తెగకుండా తీసినవారెవరో గానీ ఎంతో ఓర్పున్న మనిషి అయి ఉండాలి.

ఇక బురద సంగతి. పక్కింటి పెద్దాయన మాట ఏలికపాము విషయంలో అయితే చాలావరకు నిజమే. ఏలికపాము గుడ్డు గట్టి పెంకుతో మట్టిలో ఏళ్ళ తరబడి ఉండగలదు. నారిపురుగుకు గుడ్డే లేదు. దాని పిల్ల నీళ్ళలో ఉండేది కొన్ని రోజులు, సైక్లాప్స్ బతికేది వారాలు, మహా అయితే కొద్ది నెలలు. మన దేశంలో ఒక ఎండాకాలం నుంచి ఇంకో ఎండాకాలానికి అది దాటేది మనిషి ఒంట్లోనే. దేశంలో ఏ మనిషి కాలి నుంచీ ఏడాది, రెండేళ్ళ పాటు పురుగు లేవకపోతే, బావి నీళ్ళలో వెతకడానికి కూడా ఏమీ మిగలదు.

దాన్ని తరిమేయగలిగింది కూడా ఈ బలహీనత వల్లే. మన దేశంలో జాతీయ కార్యక్రమం 1983-84లో మొదలైంది. అప్పటికి ఏడు రాష్ట్రాల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా, సుమారు 40 వేల మంది రోగులు లెక్క తేలారు, పన్నెండు వేలకు పైగా గ్రామాల్లో. చేసిన పనులు చూస్తే చాలా సాదాగా ఉంటాయి. దిగుడు బావుల మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి చేదబావులుగా మార్చారు. బోరింగు పంపులు వేశారు. సైక్లాప్స్‌ను చంపే టెమెఫాస్ మందును తాగేవారికి హాని లేనంత తక్కువ మోతాదులో నీళ్ళలో కలిపారు. ప్రతి ఇంటికీ నీళ్ళు వడకట్టే గుడ్డ ఇచ్చారు. సైక్లాప్స్ కంటికి కనిపించేంత పెద్దది కాబట్టి సన్నని నేత గుడ్డను మడత పెట్టి వడకట్టినా ఆగిపోతుంది. ఇల్లిల్లూ తిరిగి, కట్టు కట్టి, కాలు నీళ్ళలో పెట్టొద్దని రోగిని బతిమాలడం మా పని. మందు లేని రోగాన్ని, టీకా లేని రోగాన్ని, గుడ్డతోనూ మాటతోనూ ఆపగలిగాం. దేశంలో చివరి రోగి 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో నమోదయ్యాడు. మూడేళ్ళకు పైగా వెతికి, ఇంకెవరూ లేరని తేలాక, 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి విముక్తి పత్రం ఇచ్చింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నేను క్లాసులో పాఠం ఆపి, ఆ అరుగు మీది రైతు కథ చెప్పాను.

దిగుడు బావి మీద కోపం పెట్టుకోవద్దని కూడా మనవి. తప్పు మెట్లది కాదు. పుండు కాలు, తాగే కడవ ఒకే నీళ్ళలో కలవడంలో ఉంది చిక్కంతా. మధ్య ఆసియాలోని బుఖారా నగరంలో కూడా ఇదే జరిగింది. మన హైదరాబాదులో హౌజు అంటామే, అక్కడి చెరువుల పేరూ అదే. రాతి మెట్లు దిగి జనం నీళ్ళు తెచ్చుకునేవారు. ఆ హౌజులను ఎండగట్టి కొళాయి నీళ్ళు ఇచ్చాక 1930ల మొదట్లో అక్కడ ఈ రోగం అంతమైంది. మన నగరానికి 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట చెరువు 1920 నాటికి, హిమాయత్ సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. నగరంలో కొళాయి తిప్పుకుని నీళ్ళు తాగినవాళ్ళకు తెలియని బాధ, మెట్ట ఊళ్ళలో మీ అమ్మమ్మగారి తరానికి ఏటా వచ్చే బాధ. బన్సీలాల్‌పేట బావి దశాబ్దాల పాటు చెత్తతో పూడిపోయి, బాగు చేశాక 2022 డిసెంబరులో మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడు ఎవరూ ఆ నీళ్ళు తాగడం లేదు, కాలిలో పురుగు ఉన్న మనిషి దేశంలోనే లేడు. పిల్లలను మళ్ళీ తీసుకెళ్ళండి, ఆ రాతి పని చూడదగ్గది.

బయటి దేశాల నుంచి రాదా అంటారేమో. 1986లో ప్రపంచంలో ఏటా 35 లక్షల మందికి సోకేదని అంచనా. 2023లో 14 మంది, 2024లో 15 మంది. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని చాద్, దక్షిణ సూడాన్ వాసులే. చాద్‌లో మాత్రం ఒక చిక్కు వచ్చింది. పదేళ్ళు ఒక్క రోగీ కనబడక, 2010లో మళ్ళీ కనిపించారు. 2012 నుంచి కుక్కల్లో ఇదే పురుగు లేస్తోంది. నది ఒడ్డున పారేసిన చేప పేగులు, కప్పలు తినడం వల్ల కుక్కలకు సోకుతోందని అక్కడ పనిచేసేవారి అభిప్రాయం. కాబట్టి చేప వ్యర్థాలను పూడ్చిపెట్టమనీ, కుక్కలను కట్టేయమనీ ఇప్పుడు ఊరూరా చెబుతున్నారు. ఈ పురుగు మనిషిని మాత్రమే నమ్ముకుని బతుకుతుందని నేనే ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను, ఆ వాక్యాన్ని తర్వాత మార్చుకోవలసి వచ్చింది. మన దేశంలో అలాంటి జాడ లేదు. ఆ దేశాల్లో పల్లెల్లో పనిచేసి వచ్చినవారెవరికైనా పద్నాలుగు నెలల లోపు కాలి మీద మంటతో బొబ్బ లేస్తే, నీళ్ళలో పెట్టకుండా నేరుగా వైద్యుడికి చూపించాలి, అంతే.

మీ అమ్మమ్మగారికి సంబంధించి ఒక్క మాట. బయటికి రాలేక ఒంట్లోనే చచ్చిన పురుగులు కొన్నిసార్లు సున్నం పట్టి గట్టిపడతాయి. ఎప్పుడైనా మోకాలి నొప్పికి ఎక్స్‌రే తీయిస్తే అందులో చుట్టలు చుట్టిన తెల్లటి దారమో, పూసల దండ లాంటి గీతో కనబడవచ్చు. ఈ తరం వైద్యులు అలాంటిది చూసి ఉండకపోవచ్చు, నారికురుపు వచ్చిన సంగతి ముందే చెప్పండి. మామూలుగా దాన్ని తీయనవసరం లేదు.

పిల్లలకు సైక్లాప్స్ చూడాలని ఉంటే సులువే. ఏదైనా చెరువు గట్టున, గడ్డి ఉన్న చోట, పది చెంబుల నీళ్ళు సన్నని గుడ్డలో వడకట్టి, ఆ గుడ్డను గాజు గ్లాసు నీళ్ళలో జాడించండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. గ్లాసును వెలుతురుకు ఎదురుగా, వెనక నల్ల కాగితం పెట్టి చూడండి. తెల్లటి నలుసులు ఆగి ఆగి, ఉలిక్కిపడ్డట్టు ఎగురుతుంటాయి. ఆడదైతే తోకకు రెండు పక్కలా రెండు గుడ్ల సంచులు వేలాడుతుంటాయి, భూతద్దం ఉంటే ఎర్రటి ఒంటి కన్ను కూడా కనబడుతుంది.